ఊరు పలకరించే తీరు

యూరప్ తిరిగొచ్చినవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే చర్చిలు, మ్యూజియంల కబుర్లు కాసేపట్లో అయిపోతాయి. ఆ తర్వాత అసలు సంగతులు మొదలవుతాయి. ప్యారిస్ వాళ్ళకి బయటివాళ్ళంటే లెక్కలేదని ఒకరంటారు. లిస్బన్ వాళ్ళంత మంచివాళ్ళు ఎక్కడా ఉండరని ఇంకొకరు అందుకుంటారు. వియన్నాలో వెయిటర్ మొహంలో నవ్వన్నదే చూడలేదని ఒకరు, గ్లాస్గోలో బస్టాపులో నిలబడితే పక్కనున్న పెద్దావిడ మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి మనవరాలి పెళ్ళి దాకా అన్నీ చెప్పేసిందని ఒకరు, హెల్సింకీలో ఉన్నన్నాళ్ళూ ఒక్క మనిషి కూడా తనంత తాను పలకరించలేదని మరొకరు. అందరూ చూసింది ఆ ఊళ్ళే. అయినా ఏ ఇద్దరి జాబితా ఒకలా ఉండదు.

ఈ కబుర్లంటే నాకు చాలా ఇష్టం. ఈఫిల్ టవర్ ఎత్తెంతో పుస్తకం చెబుతుంది. దాని వెనక వీధిలో దారి తప్పి నిలబడ్డవాణ్ణి ఆ ఊరు ఎలా చూసిందో వెళ్ళొచ్చినవాళ్ళు చెబితేనే తెలుస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి రాసుకున్న కాశీయాత్ర చరిత్రలో గుళ్ళూ నదులతో పాటు ఏ మజిలీలో ఎన్ని ఇళ్ళున్నాయి, దిగడానికి వసతి ఉందా, బజారులో ఏం దొరుకుతాయి అన్న లెక్కలు కూడా ఉంటాయి. బాటసారికి ఊరంటే ముందు అదే. దిగడానికి చోటు, తాగడానికి నీళ్ళు, మాట్లాడటానికి ఒక మనిషి.

అయితే ఈమధ్య ఊళ్ళని పోల్చుకునేటప్పుడు మనం ఎక్కువగా నవ్వునే లెక్కలోకి తీసుకుంటున్నామనిపిస్తుంది. నవ్వినవాడు మంచివాడు, నవ్వనివాడు పొగరుబోతు. ఆ లెక్కన వియన్నా ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది. కానీ ఆదరం ఎన్ని రూపాల్లో ఉంటుందో నేను చూసింది ఆ ఊళ్ళోనే.

అక్కడ ఒక పాతకాలపు కాఫీహౌస్. బయట సన్నగా వాన, చలి. నల్ల కోటు, బో టై వేసుకున్న వెయిటర్ వచ్చి నిలబడ్డాడు. కుశల ప్రశ్నలేం లేవు. చెప్పమన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. మెలాంజ్ అడిగాను. పాలనురుగు తేలే కాఫీ అది. కాసేపటికి చిన్న వెండి పళ్ళెం వచ్చింది. అందులో కప్పు, పక్కన గ్లాసు నిండా నీళ్ళు, గ్లాసు మూతి మీద అడ్డంగా బోర్లించిన చెంచా. పళ్ళెం బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. కాఫీ పది నిమిషాల్లో అయిపోయింది. వాన తగ్గలేదు, నేను లేవలేదు. గోడవారన కర్ర పట్టీలకి బిగించిన దినపత్రికలు వేలాడుతున్నాయి. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన ఒకటి చదవడం, లేచి వెళ్ళి అక్కడ తగిలించడం, ఇంకొకటి తెచ్చుకోవడం. చాలాసేపటికి వెయిటర్ మళ్ళీ నా వైపు వచ్చాడు. బిల్లు కాబోలనుకున్నాను. ఖాళీ గ్లాసు తీసేసి నీళ్ళు నింపిన ఇంకో గ్లాసు పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత కూడా అంతే. చీకటి పడేదాకా ఒక్క కాఫీ మీద అక్కడే కూర్చున్నాను. ఇంకేమైనా కావాలా అని అడగలేదు, ఇక లెమ్మన్నట్టు ఒక్క చూపు చూడలేదు. మొహంలో నవ్వూ లేదు. ఆ సాయంత్రం ఆ ఊళ్ళో నాకంటూ ఒక కుర్చీ ఉంది. ఆ కుర్చీ ఇచ్చింది ఆ మనిషే.

ఆస్ట్రియా 2011లో ఈ కాఫీహౌస్ సంస్కృతిని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. వియన్నాలో పుట్టి పెరిగిన రచయిత స్టెఫాన్ త్స్వైగ్ తన ఆత్మకథలో వీటి గురించి ప్రేమగా రాశాడు. కప్పు కాఫీ ధర పెడితే ఎవరైనా వచ్చి ఎంతసేపైనా కూర్చోగలిగే చోట్లని గుర్తుచేసుకున్నాడు. ఆ పుస్తకం రాసేనాటికి ఆయనకి ఆ ఊరు లేదు. యూదుడు కావడం వల్ల నాజీల కాలంలో దేశాలు పట్టి తిరిగి, 1942లో బ్రెజిల్‌లో కన్నుమూశాడు. ఎవరికైనా కుర్చీ వేసిన ఊరే ఒకనాడు తన సొంత బిడ్డల కుర్చీలు లాగేసింది. ఊళ్ళ మంచితనం గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా మరిచిపోకూడదు.

ఏ ఊరు పరాయివాళ్ళకి ఎంత సాయపడుతుందో లెక్కకట్టి చూసినవాళ్ళూ ఉన్నారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ లెవైన్, ఆయన సహచరులు 23 దేశాల్లో ఒక్కొక్క పెద్ద నగరం ఎంచుకుని వీధుల్లో పరీక్ష పెట్టారు. నడుస్తూ చూడనట్టు పెన్ను జారవిడవడం, కాలికి కట్టుతో కుంటుతూ చేతిలో పత్రికలు కింద పడేసుకోవడం, చూపులేని మనిషిలా రోడ్డు దాటే చోట నిలబడటం. ఎంతమంది ఆగి సాయం చేస్తారు? 2001లో అచ్చయిన ఫలితాల్లో రియో డి జనీరో మొదట ఉంది. మన కలకత్తా నాలుగోది. దాని వెంటనే ఐదో స్థానంలో ఉన్నది, నవ్వదని అందరూ చెప్పుకునే వియన్నా.

హెల్సింకీ సంగతీ ఇలాంటిదే. 2013లో రీడర్స్ డైజెస్ట్ పత్రిక 16 నగరాల్లో ఒక్కోచోట 12 పర్సులు, లోపల డబ్బు, ఫోన్ నంబరు పెట్టి వదిలేసింది. ఎవరూ పలకరించని హెల్సింకీలో 11 తిరిగొచ్చాయి. ముంబైలో 9. లిస్బన్‌లో ఒకే ఒక్కటి, అది కూడా ఊరు చూడటానికి వచ్చిన నెదర్లాండ్స్ దంపతులు తెచ్చిచ్చింది. పన్నెండు పర్సులతో ఒక ఊరి గుణం తేలిపోదు. లిస్బన్‌లో అల్ఫామా మెట్లదారిలో పెట్టె మోయలేక ఆగిపోతే, పై అంతస్తు కిటికీలోంచి చూసి కిందికి దిగొచ్చి పెట్టె అందుకున్న మనిషిని నేనెరుగుదును. అలాగే చుట్టపు చూపుగా వెళ్ళి మూడు రోజులుండి వచ్చిన మనమూ ఒక ఊరి గుణం తేల్చలేం. కానీ ఆ పర్సులు ఒక్క మాట నిక్కచ్చిగా చెబుతున్నాయి. మాట్లాడకపోవడం పట్టించుకోకపోవడం కాదు. ఫిన్లాండ్‌లో బస్టాపులో మనిషికీ మనిషికీ మధ్య అంతంత దూరం వదిలి నిలబడతారు. ఎదుటివాళ్ళ ఏకాంతంలోకి పిలవకుండా అడుగుపెట్టకపోవడం వాళ్ళకి మర్యాద. దారి అడిగి చూడండి, ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఏ ట్రామ్ ఎక్కాలో, ఎక్కడ దిగాలో విడమరిచి చెప్పి, మనకి అర్థమైందని నమ్మకం కుదిరాకే కదులుతారు.

ప్యారిస్ మీద ఉన్న ఫిర్యాదుల్లో సగం గుమ్మం దగ్గరే పుడతాయి. అక్కడ కొట్లోకి అడుగుపెట్టడం ఒకరి ఇంట్లోకి అడుగుపెట్టడం లాంటిదే. ముందు బోన్‌జూర్ అనాలి, తర్వాతే బేరమైనా ప్రశ్నయినా. మనకి ఆ అలవాటు లేదు. కొట్టు ముందు నిలబడి "అరకిలో పంచదార ఇవ్వండి" అంటాం. అందులో అమర్యాద ఏమీ లేదు, కొట్టాయన మన నమస్కారం కోసం చూడడు. ఒక ప్యారిస్ బేకరీ వరసలో నా ముందు ఇద్దరున్నారు. మొదటాయన ఫోన్ చూస్తూనే ఇంగ్లీషులో రెండు క్రోసాఁలు అడిగాడు. లోపలున్న పెద్దావిడ పొట్లం కట్టి, ధర చెప్పి, డబ్బు తీసుకుంది. మొహంలో ఏ కదలికా లేదు. తర్వాతి అమ్మాయి కూడా విదేశీయురాలే. బోన్‌జూర్ మదామ్ అని, వచ్చీరాని ఫ్రెంచిలో తడుముకుంటూ ఒక బగెట్ అడిగింది. అదే పెద్దావిడ ఆ మాటని ఎలా పలకాలో నెమ్మదిగా పలికి చూపించి, అమ్మాయి మళ్ళీ అన్నాక తల ఊపి, పొయ్యిలోంచి అప్పుడే వచ్చిన బగెట్ ఏరి ఇచ్చింది. వాళ్ళిద్దరూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళకి వెళ్ళి ప్యారిస్ గురించి వేరువేరు కథలు చెప్పి ఉంటారు. రెండూ నిజమే. అలాగే గ్లాస్గోలో, డబ్లిన్‌లో బస్సు దిగేవాళ్ళలో చాలామంది డ్రైవర్‌కి థ్యాంక్స్ చెప్పి దిగుతారు. మనం చెప్పకుండా దిగితే ఆ ఊరు మన గురించి ఏమనుకుంటుందో మనకి ఎప్పటికీ తెలియదు.

భాష వల్ల కూడా చాలా తేడా వస్తుంది. పోర్చుగల్, గ్రీస్, నెదర్లాండ్స్, ఉత్తరాది దేశాల్లో విదేశీ సినిమాలని సొంత గొంతులతోనే ఉంచి కింద అక్షరాలు వేస్తారు. ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ, జర్మనీల్లో ఎక్కువగా డబ్బింగ్ చెబుతారు. లిస్బన్ పిల్లలు చిన్నప్పటి నుంచీ టీవీలో ఇంగ్లీషు వింటూ పెరుగుతారు, దారి అడిగితే తడుముకోకుండా జవాబిస్తారు. మాడ్రిడ్‌లో టికెట్ కౌంటర్ దగ్గర మధ్యవయసు మనిషికి ఆ వీలు లేదు. మాట రాక ఊరుకున్నవాణ్ణి మాట్లాడటం ఇష్టంలేనివాడిగా జమకట్టేస్తాం. సినిమా హాల్లో తీసుకున్న నిర్ణయం ఒకటి ఊరి మంచిచెడ్డల లెక్కలోకి అలా చేరిపోతుంది.

ఇవన్నీ దాటుకుని ఆలోచిస్తే, నాకు నేపుల్స్ కాఫీ బార్లు గుర్తుకొస్తాయి. అక్కడ కాఫీ నిలబడే తాగుతారు, కౌంటర్ ముందు, రెండు మూడు గుక్కల్లో. ఆ ఊళ్ళో కఫే సోస్పేసో అని ఒక ఆచారం ఉంది. మనసు బాగున్న రోజున ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బిచ్చి వెళ్తారు. ఆ రెండోది ఎవరికో తెలియదు. తర్వాత ఎప్పుడో జేబులో డబ్బులేని మనిషి గుమ్మంలో నిలబడి సోస్పేసో ఉందా అని అడుగుతాడు. ఉంటే అదే కౌంటర్ మీద, అదే కప్పులో, అందరితో పాటే అతనికీ కాఫీ పెడతారు. ఇచ్చినవాడు పుచ్చుకున్నవాడి మొహం చూడడు, పుచ్చుకున్నవాడు ఎవరి ముందూ తల వంచుకోనక్కర్లేదు. ఈ ఏర్పాటు మనలాంటి సందర్శకుల కోసం పుట్టింది కాదు. ఊరివాళ్ళు ఊరివాళ్ళ కోసం చేసుకున్నది. కానీ నేపుల్స్ బయటివాళ్ళకి ఎందుకంత దగ్గరగా అనిపిస్తుందో నాకు అక్కడే అర్థమైంది. బయటివాణ్ణి ఆదరించడానికి ఊళ్ళు వేరే విద్య నేర్చుకోవు. తమలో తాము ఒకళ్ళనొకళ్ళు చూసుకునే తీరే కాస్త పొంగి మన మీద కూడా పడుతుంది.

బోస్నియాలోని సారాయెవోలోనూ అదే చూశాను. 1992 నుంచి 1996 దాకా దాదాపు నాలుగేళ్ళు ముట్టడిలో ఉండి, తుపాకి గుళ్ళ మధ్య నీళ్ళ కోసం వరసలు కట్టిన ఊరది. బష్చార్షియా బజారులో రాగి పనివాళ్ళ వీధి ఉంది. ఒక కొట్లో పెద్దాయన పొడుగు పిడి ఉన్న రాగి కాఫీగిన్నె మీద సుత్తితో గీతలు దిద్దుతున్నాడు. మా దేశం పేరు చెప్పగానే సుత్తి పక్కన పెట్టి నెహ్రూ, టిటో అన్నాడు. టిటో అధ్యక్షుడిగా ఉండి, 1961లో బెల్‌గ్రేడ్‌లో మొదటి అలీన దేశాల సభ జరిగిన నాటి యుగోస్లావియా మనిషి ఆయన. చిన్న పీట జరిపి కూర్చోమని, కాఫీ తెప్పించి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ప్రశ్నలు మొదలుపెట్టాడు. మా ఊళ్ళో చలెంత, బియ్యం ఎలా వండుతారు, రాగి బిందెలు ఇంకా వాడుతున్నారా. మనుచరిత్రలో ప్రవరుడు ఇంటికొచ్చిన బాటసారులకి అన్నం పెట్టి ఊరుకోడు, వాళ్ళు చూసొచ్చిన దేశాల గురించి ఆత్రంగా అడుగుతాడు. మనం చెప్పేది వినాలని ఒక మనిషి కూర్చోవడం కన్నా పెద్ద మర్యాద ఉందనుకోను.

అలాంటి ప్రశ్నలు పుట్టాలంటే వచ్చేవాళ్ళు అడగడానికి వీలైనంతమందే ఉండాలి. అడగడానికి ఊళ్ళో ఊరివాళ్ళూ ఉండాలి. వెనిస్‌లో రియాల్టో వంతెనకి దగ్గర్లో ఒక మందుల కొట్టు అద్దాల వెనక 2008 నుంచి ఒక అంకెల పలక వెలుగుతోంది. పాత నగరంలో ఇంకా ఎంతమంది నివాసం ఉంటున్నారో అది చూపిస్తుంది. 1951లో ఆ దీవుల్లో దాదాపు 1,75,000 మంది ఉండేవాళ్ళు. 2022లో ఆ అంకె 50,000 కిందికి దిగిపోయింది. 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ ఉండే కొన్ని రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే సందర్శకుల దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుము తీసుకోవడం మొదలుపెట్టారు. పెళ్ళికొచ్చిన చుట్టాలతో గదులన్నీ నిండిపోయి, ఇంటివాళ్ళు ఊరవతల సర్దుకోవలసి వచ్చిన ఇల్లులా ఉంది ఆ ఊరు. హోటళ్ళలో, కొట్లలో మనకి ఎదురయ్యేవాళ్ళలో చాలామంది పొద్దున్నే అవతలి ఒడ్డునున్న మెస్త్రె నుంచి రైల్లోనో బస్సులోనో వచ్చి, పనయ్యాక తిరిగి వెళ్ళేవాళ్ళే. వాళ్ళు మర్యాదగానే మాట్లాడతారు. కానీ ఇంటికి రమ్మనాలంటే ఆ ఊళ్ళో వాళ్ళకి ఇల్లే లేదు.

బార్సిలోనాలో 2024 జూలైలో కొందరు ఊరివాళ్ళు హోటళ్ళ ముందు బల్లల దగ్గర కూర్చున్న సందర్శకుల మీద నీళ్ళ పిచికారీలు కొట్టారు. ఆ బొమ్మలు ప్రపంచమంతా చూసింది, బార్సిలోనా వాళ్ళకి అతిథి మర్యాద తెలియదని చాలామంది తీర్పు చెప్పేశారు. తడిసినవాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళ మనసు నొచ్చుకున్న మాటా నిజం. కానీ నెలకోసారి అద్దె కట్టే కుటుంబం కన్నా రోజుల లెక్కన దిగే సందర్శకుడే లాభసాటి అయినచోట, ఆ కుటుంబం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆ ఏడాది జూన్‌లోనే మేయర్ జౌమె కొల్‌బొని సందర్శకులకి అద్దెకిచ్చే దాదాపు 10,000 ఫ్లాట్ల లైసెన్సులని 2028 నవంబరు తర్వాత పొడిగించబోమని ప్రకటించాడు. పుట్టి పెరిగిన వీధిలో ఉండలేని మనిషిని, ఆ వీధి చూడటానికి వచ్చినవాడికి నవ్వుతూ ఎదురెళ్ళమని అడగడం న్యాయం కాదు.

ఇంకో సంగతి మనవాళ్ళు గట్టిగా చెప్పాలి. ఏ ఊరైనా అందరినీ ఒకలా పలకరించదు. అమెరికా, జపాన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి యూరప్ పలకరింపు విమానాశ్రయంలో మొదలవుతుంది. మనకి నెలల ముందే వీసా కేంద్రంలో, బ్యాంకు కాగితాలూ జీతం చీటీలూ పట్టుకున్న వరసలో మొదలవుతుంది. ఒకే ఊరికి వేరువేరు గుమ్మాల్లోంచి వెళ్ళినవాళ్ళ మార్కులు ఒకలా ఉండవు. 2022 ఫిబ్రవరి చివర్లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడ వైద్యం చదువుతున్న భారతీయ విద్యార్థులు వేలమంది, వాళ్ళలో మన తెలుగు పిల్లలు ఎందరో, చలిలో నడిచి సరిహద్దులు చేరారు. తమని గంటలకొద్దీ ఆపేసి స్థానికులని ముందు పంపించారని భారతీయ, ఆఫ్రికన్ విద్యార్థులు చాలామంది చెప్పారు. మొహం చూసి బొట్టు పెట్టడం అంటే అదే. అదే రోజుల్లో సరిహద్దు ఇవతల రుమేనియా, పోలండ్, హంగరీ, స్లొవాకియాల్లో మామూలు మనుషులు వేడి సూప్, దుప్పట్లు పట్టుకుని నిలబడ్డారు. పోలండ్‌లోని ప్షెమిషిల్ రైల్వే స్టేషన్‌లో, చంకలో బిడ్డలతో దిగే తల్లుల కోసం ఎవరో పిల్లల్ని తోసుకెళ్ళే బళ్ళు తెచ్చి వరసగా వదిలివెళ్ళారు. క్రిస్మస్ ముందురాత్రి భోజనంలో, పిలవకుండా వచ్చే అతిథి కోసమని ఒక పళ్ళెం ఎక్కువ పెట్టుకునే ఆచారం ఆ దేశంలో ఉంది. ఆ ఆచారం ఉత్తినే నిలబడలేదనిపిస్తుంది.

తత్వవేత్త కాంట్ ఉన్న ఊరు వదిలి ఎక్కువ దూరం వెళ్ళిన మనిషి కాదు. కానీ 1795లో శాశ్వత శాంతి గురించి రాస్తూ, ఆతిథ్యాన్ని దయ కింద కాక హక్కు కింద లెక్కించాడు. భూమి గుండ్రం, మనుషులు ఎంత దూరం జరిగినా ఒకరికొకరు ఎదురుపడక తప్పదు, కాబట్టి శాంతంగా వచ్చిన పరాయివాణ్ణి శత్రువులా చూడకూడదన్నది ఆయన వాదం. అదే సమయంలో వచ్చినవాడికి ఉన్నది చూడవచ్చే హక్కే, ఇంట్లో ఒకడిగా ఉండిపోయే హక్కు కాదన్నాడు. అప్పట్లో వ్యాపారం పేరుతో వెళ్ళి దేశాలు ఆక్రమించిన యూరప్ వాళ్ళని ఉద్దేశించి అన్నమాట అది. ఈనాటి సందర్శకుడికీ సరిపోతుంది. అవమానం లేకుండా అడుగుపెట్టడం మన హక్కు. వియన్నాలో రెండో గ్లాసు నీళ్ళు, సారాయెవోలో పీట, ఇవన్నీ హక్కుకి మించినవి. మార్కులు వేసి అడిగి పుచ్చుకునేవి కావు.

అందుకే ఎవరైనా ఫలానా ఊరివాళ్ళు మంచివాళ్ళేనా అని అడిగితే నేను ముందు వాళ్ళ ప్రయాణం గురించి అడుగుతాను. ఏ కాలంలో వెళ్తున్నారు, ఎన్నాళ్ళుంటారు, ఎక్కడ దిగుతారు. ఆగస్టులో ఓడ దిగిన గుంపుతో పాటు ఒక పూట చూసే డుబ్రోవ్నిక్ వేరు, జనం పలచబడ్డ రోజుల్లో వారం ఉండి చూసే డుబ్రోవ్నిక్ వేరు. ఊరివాళ్ళ కాపురాలు ఖాళీ చేయించిన ఫ్లాట్‌లో దిగి ఊరివాళ్ళ పలకరింపు కోసం ఎదురుచూడటం కన్నా, ఒక కుటుంబం నడిపే చిన్న హోటల్లో దిగితే రెండు మాటలు దక్కుతాయి. వెళ్ళే ముందు అక్కడి పలకరింపు, కృతజ్ఞత చెప్పే మాట నేర్చుకోండి. ఒకే కొట్లో రెండోసారి, మూడోసారి కాఫీ తాగండి. వాళ్ళ మౌనాన్ని వాళ్ళ మర్యాదగా తీసుకోండి. ఒక ఊరు తన మనుషులతో నిండుగా బతుకుతుంటే అది మనకిచ్చే పలకరింపు, నవ్వుతో వచ్చినా నవ్వు లేకుండా వచ్చినా, మనస్ఫూర్తిగా వస్తుంది. ఊరు అలా నిండుగా ఉండటంలో ఊరివాళ్ళకెంత బాధ్యత ఉందో వెళ్ళే మనకీ అంతే ఉంది.